గంట కొడితే దొరికే ఆత్మ

ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరు "నువ్వెవరో చెప్పు" అంటారు. రెండోవారు లోపలికి చూసుకుని తోచింది చెబుతారు. అడిగినవారు తల ఊపకూడదు, నవ్వకూడదు, ఓదార్చకూడదు, ఎదురు ప్రశ్న వెయ్యకూడదు. ఐదు నిమిషాలకు గంట మోగుతుంది. "థాంక్యూ" అనుకుని, చెప్పేవారు అడిగేవారవుతారు. ఇలా నలభై నిమిషాలు. కాస్త విరామం, ఇంకో జోడీ, మళ్ళీ అదే ప్రశ్న. తెల్లవారుజామున మొదలైతే రాత్రి పొద్దుపోయేదాకా, మూడు రోజులు. కాఫీ లేదు, సిగరెట్ లేదు, ఫోన్ లేదు. జోడీలో తప్ప మాటల్లేవు. మూడో రోజుకి కొందరు వెక్కివెక్కి ఏడుస్తారు, కొందరు పగలబడి నవ్వుతారు. "తెలిసిపోయింది" అంటారు. దీని పేరు ఎన్‌లైటెన్‌మెంట్ ఇంటెన్సివ్.

దీన్ని కనిపెట్టినవాడు చార్లెస్ బెర్నర్ అనే అమెరికన్. మొదటి శిబిరం 1968లో, కాలిఫోర్నియాలో జరిగింది. అంతకుముందు కొన్నేళ్ళు ఆయన సైంటాలజీ అనే మతోద్యమంలో ఉన్నాడు. ఒకే ప్రశ్నను తిప్పితిప్పి అడగడం, వచ్చిన జవాబును మెచ్చకుండా తప్పుపట్టకుండా స్వీకరించడం, మళ్ళీ అడగడం అక్కడి పద్ధతే. ప్రశ్న మాత్రం మన అరుణాచలానిది. కొన్నాళ్ళకు బెర్నర్ గుజరాత్‌కు చెందిన స్వామి కృపాలుకు శిష్యుడై యోగేశ్వర ముని అయ్యాడు. 1970లలో ఓషో పుణె ఆశ్రమంలోనూ ఈ శిబిరాలు నడిచాయి. అంటే ఇక్కడి సరుకే విదేశాలకు వెళ్ళి, కొత్త ప్యాకింగుతో, కొత్త ధరతో తిరిగొచ్చింది.

1896లో మదురైలో చిన్నాన్న ఇంట్లో పదహారేళ్ళ వేంకటరామన్ చచ్చిపోతున్నానన్న భయంతో నేల మీద పడుకుని "చచ్చేది ఎవరు?" అనుకున్నాడు. 1902 ప్రాంతంలో అరుణాచలంలో శివప్రకాశం పిళ్ళై అనే ఆయన ప్రశ్నలడిగితే మౌనంగానే రాసి జవాబులిచ్చాడు. అక్కడ గంట లేదు, జోడీ లేదు, ఫీజు లేదు. ఆ వేంకటరామన్‌కు 1907లో రమణ మహర్షి అని పేరు పెట్టినవాడు మన కావ్యకంఠ గణపతి ముని. సమాజాన్ని, వివాహాన్ని, దేవుణ్ణి ఎడాపెడా కడిగేసిన చలం 1950లో బెజవాడ వదిలి ఆ కొండ దగ్గరికే వెళ్ళి, 1979లో అక్కడే కన్నుమూశాడు. అందుకే ఈ ప్రశ్న పేరెత్తితే తెలుగు హేతువాది కూడా కాస్త గొంతు తగ్గిస్తాడు. తగ్గించనక్కర్లేదు. చలం వెళ్ళాడు కాబట్టి అక్కడ ఏదో ఉండే ఉంటుందనడం వాదన కాదు, అభిమానం.

ముందుగా ఈ శిబిరాలకు ఇవ్వాల్సింది ఇచ్చేద్దాం. మన ఇళ్ళలో ఎవరైనా ఐదు నిమిషాలు ఆపకుండా తన గురించి మాట్లాడి ఎన్నాళ్ళయింది? నోరు తెరవగానే సలహా, "నాకూ అంతే" అనే అడ్డు, లేదా ఫోన్ మోత. తీర్పు చెప్పకుండా ఎవరో ఒకరు వింటారంటే మనిషి కరిగిపోతాడు. జర్మనీలో మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన తానియా సింగర్ బృందం ఇలాంటి జంట ధ్యానాన్నే పరీక్షించింది. రోజుకు పది నిమిషాలు, ఫోన్‌లో కలిసిన జోడీ, ఒకరు చెబితే ఒకరు వినడం. పాల్గొన్నవారికి ఎదుటివారితో దగ్గరతనం పెరిగిందని 2017లో ప్రచురించారు. నమ్మదగిన ఫలితమే. అయితే వాళ్ళు కొలిచింది దగ్గరతనాన్ని. విశ్వరహస్యం తెలిసిందో లేదో కొలవలేదు.

శిబిరం మాత్రం అంతటితో ఆగదు. నీకు దొరికింది ఊరట కాదు, సత్యం అంటుంది. ఊహ కాదు, నమ్మకం కాదు, "ప్రత్యక్షానుభవం" అంటుంది. పేచీ ఇక్కడే.

ఒకే ప్రశ్న వేసుకున్న ముగ్గురిని చూడండి. రమణుడికి దొరికిన జవాబు: ఉన్నది ఒకే ఆత్మ, వేరువేరు "నేను"లు భ్రమ. అదే ప్రశ్నను అరువు తెచ్చుకున్న బెర్నర్ తర్వాతి రోజుల్లో రాసిన తత్వంలో భౌతికం కాని వ్యక్తులు ఎందరో విడివిడిగా ఉన్నారు. వీళ్ళిద్దరికీ ఎంతో ముందే బుద్ధుడు లోపలికి చూసి, అసలు ఆత్మే లేదన్నాడు. ఒకటి, అనేకం, సున్నా. మూడూ నిజం కావడం కుదరదు. మూడింటికీ సాక్ష్యం మాత్రం ఒకటే: "నేను స్వయంగా అనుభవించాను." ఒకే తూకపు రాయి ఒక్కో కొట్లో ఒక్కో బరువు చూపిస్తుంటే, మనం అనుమానించాల్సింది రాయిని.

జవాబు ఎలా తయారవుతుందో కూడా గమనించాలి. మొదటి రోజు "నేను టీచర్ని", "నేను ఇద్దరు పిల్లల తల్లిని", "నేను ఫలానా కులం వాణ్ణి" అంటారు. అవేవీ లెక్కలోకి రావు. తర్వాత దుఃఖం, కోపం, చిన్ననాటి గాయాలు. అవీ చాలవు. ప్రశ్న ఆగదు కాబట్టి, చెప్పడానికి ఏమీ మిగలని స్థితి ఎప్పుడో వస్తుంది. అప్పుడు "నేను నేనే" అని మెరిసే కళ్ళతో అంటే శిబిరం నడిపే మాస్టర్ ముఖం విప్పారుతుంది. అనకపోతే? "ఇంకా పట్టుకుని ఉన్నావు, ప్రశ్నలోనే ఉండు." ఫలానా జవాబు వస్తేనే పరీక్ష పాస్ అని ముందే నిర్ణయించి, ఆ జవాబు వచ్చేదాకా అడిగి, వచ్చాక "చూశారా, అందరికీ ఇదే తెలుస్తోంది" అనడం పరిశోధన కాదు. తెలియనివాడి వైఫల్యం వాడిదే తప్ప పద్ధతిది ఎన్నటికీ కాదు. ఓడిపోయే దారే లేని సిద్ధాంతం ఏమీ రుజువు చెయ్యదు.

ఇక లోపలికి చూస్తే ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుందన్న నమ్మకం సంగతి. 2005లో స్వీడన్ పరిశోధకులు జొహాన్సన్, హాల్ ఓ తమాషా ప్రయోగం ప్రచురించారు. రెండు ముఖాల ఫోటోలు చూపించి, ఏది నచ్చిందో ఎంచుకోమన్నారు. తర్వాత గారడీవాడిలా చేతివాటంతో మార్చి, ఎంచుకోని ఫోటోనే చేతిలో పెట్టి "ఎందుకు నచ్చింది?" అని అడిగారు. పాల్గొన్నవారు చాలాసార్లు మార్పు పట్టుకోనేలేదు. పైగా కారణాలు చెప్పారు. చెవికమ్మలు నచ్చాయని ఒకరు అన్నారు. మొదట ఎంచుకున్న ముఖానికి కమ్మలే లేవు! వాళ్ళు అబద్ధమాడలేదు. తమ లోపల ఏం జరిగిందో చూసుకునే చెబుతున్నామని నిజంగానే నమ్మారు. నిమిషం కిందటి ఎంపిక గురించే మనసు ఇంత ధీమాగా పొరబడుతుంటే, జననమరణాలకు అతీతమైన తత్వం గురించి అది ఇచ్చే వాంగ్మూలాన్ని ఎలా ఒప్పుకోవడం?

ఒంటి సంగతి వేరే ఉంది. రోజూ కాఫీ తాగేవాళ్ళకి అది మానేస్తే తలనొప్పి, చిరాకు. నిద్ర కరువైతే ఏడుపూ నవ్వూ అదుపు తప్పుతాయి. ఇటలీలో జొవాన్ని కపూతో అనే పరిశోధకుడు జంటలను మసక వెలుతురులో పది నిమిషాలు ఒకరి కళ్ళలోకి ఒకరిని చూడమంటే, ఎదుటి ముఖం వికృతంగా మారినట్టు, ఇంకెవరిదో అయినట్టు కొందరికి కనిపించింది. ఎవరూ ధ్యానం చెయ్యలేదు, గురువూ లేడు. మెదడు చాలు.

ఇవన్నీ మాటల వరకే అయితే నవ్వి ఊరుకోవచ్చు. కానీ బౌద్ధ ధ్యానం చేసే పాశ్చాత్యులను పరిశోధకులు లిండాల్, బ్రిటన్ తదితరులు ఇంటర్వ్యూ చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో భయం, నిద్రలేమి, "నేను" అన్న భావన చెదిరిపోవడం వంటివి చెప్పినవారున్నారు. ఆసుపత్రి దాకా వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. "నేను లేను" అనిపించడం శిబిరంలో జ్ఞానోదయం, సోమవారం ఆఫీసులో మతిభ్రమణం. ఆ రెండో దానికి బాధ్యత వహించే మాస్టర్ అప్పటికి ఇంకో ఊళ్ళో ఇంకో గంట కొడుతుంటాడు.

వెళ్ళేవాళ్ళను వద్దనడం నా పని కాదు. డబ్బు కట్టే ముందు మాత్రం నిర్వాహకులను మూడు విషయాలు అడగండి. డిప్రెషన్‌కో, సైకోసిస్‌కో మందులు వాడుతున్నవాళ్ళను ముందే విచారించి ఆపుతున్నారా? అర్ధరాత్రి ఎవరికైనా మతి చెదిరితే దగ్గర్లో ఉన్న డాక్టరు ఎవరు? రెండో రోజు లేచి వెళ్ళిపోతానంటే మారు మాట్లాడకుండా తలుపు తీస్తారా? వీటికి సూటిగా జవాబు చెప్పకుండా "అది నీ మనసు ఆడే ఆట" అన్నారంటే, ఆ ఫీజు ఇంట్లోనే ఉంచుకుని, ఆ సాయంత్రం ఓ స్నేహితుణ్ణి పిలిచి మాట్లాడుకోండి.