ఉమ్మడి వాకిలి – శ్రీ సత్య నాదెళ్ల గారికి బహిరంగ లేఖ

మహాశయా,

తమ తండ్రిగారు, కీర్తిశేషులు యుగంధర్ గారి స్వగ్రామమైన బుక్కాపురము అనంతపురము సీమలోనిది. నేను వ్రాయుచున్నది ఆ సీమకు పొరుగుననున్న నంద్యాల నుండి. ఆ ఇరుగుపొరుగు చనవు పురస్కరించుకొనియే, మైక్రోసాఫ్ట్ అధిపతులైన తమకు ఈ విన్నపము.

ఆళ్లగడ్డ శిల్పుల ఇంటి కుర్రవాడొకడు విగ్రహపు కొలతలను విండోస్‌లో గీచికొని, నంద్యాల కళాశాలలో చెప్పిన పాఠమునకై అదే ల్యాప్‌టాపులో ఉబుంటు అను లినక్సును తెరచుకొనుటలో వింత యేమియు లేదు. మీట నొక్కినంతనే, యంత్రమును మేల్కొలుపు యూఈఎఫ్ఐ అను ఫర్మ్‌వేర్ తన స్మృతిలోని వరుసను చూచి, డిస్కులోని ఒక చిన్న ఫ్యాట్ బూట్ విభాగమున నున్న విండోస్ బూట్ మేనేజరుకో, షిమ్ అను చిన్న ప్రోగ్రాము ద్వారా లినక్సు బూట్ లోడరైన గ్రబ్‌కో అధికారము నప్పగించును. ఉభయుల ఫోల్డర్లును అచ్చటనే ప్రక్కప్రక్కన నుండును; ఇరువురు అన్నదమ్ములకు వాకిలి ఒక్కటే యన్నమాట. గ్రబ్ తన పట్టికలో విండోస్‌ను గూడ చూపగలదు. విండోస్ బూట్ మేనేజరు మాత్రము లినక్సును తానై చూపదు. (2021లో వెలువడిన గ్రబ్ 2.06 నుండి, ఇతర వ్యవస్థలను వెదకు ఓఎస్-ప్రోబరును మొదటనే నిలిపియుంచుచున్నారు గావున, ఆ పక్షము వారినిగూడ సంపూర్ణముగా మెచ్చుకొనుటకు నాకు మనసొప్పదు.)

2024 ఆగస్టు 13న తమ సంస్థ విడుదల చేసిన భద్రతా అప్‌డేట్, గ్రబ్‌లో 2022లో బయటపడిన యొక దోషము కారణముగా, పాత బూట్ లోడర్లను నిరాకరించు ఎస్‌బ్యాట్ నియమమును యంత్రములలో లిఖించినది. రెండు వ్యవస్థలున్న యంత్రములకిది వర్తింపదని ముందే ప్రకటించియు, అట్టివాటి నన్నిటిని గుర్తింపలేకపోవుటచే, లినక్సు తెరవబోయిన వారికి ఏదో ఘోరమైన పొరపాటు జరిగినదను ఆంగ్లవాక్యము నల్లని తెరపై కనబడి, మరుక్షణమున యంత్రమే ఆగిపోయినది. నమ్మదగని బూట్ లోడర్లను అడ్డగించు సెక్యూర్ బూట్‌ను ఆపి, లినక్సులోనికి ప్రవేశించి, మోక్‌యుటిల్ అను పరికరముతో ఆ నియమమును తుడిచివేసి, మరల సెక్యూర్ బూట్‌ను ప్రారంభింపవలెనని తెలిసినవారికి అది పెద్ద పని కాదు. తెలియని ఊళ్లలో రిపేరు దుకాణమువాని మందు ఒక్కటే: “ఫార్మాట్ కొట్టేస్తే సరిపోతాదిలేప్పా!” ఆ మందుతో డిస్కులోని కొలతలు, పాఠములు సమస్తమును మాయమగును.

దోషమును మూయుట తప్పని నేననను. యజమానికి తెలుపక వాకిలి గడియ మార్చుట తప్పు. సెప్టెంబరు అప్‌డేట్‌లో ఆ నియమమును లిఖించు అమరికను తొలగించినను, సమస్య తీరినదని తమవారు ప్రకటించుటకు 2025 మే నెల రావలసివచ్చినది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10 సాధారణ మద్దతు ముగిసినది. టీపీఎం 2.0 అను భద్రతా భాగము లేని పాత యంత్రములు విండోస్ 11కు నోచుకొనవు గావున, పాత విండోస్ ప్రక్కన లినక్సును నిలుపుకొనువారు ఇకమీదట పెరుగుదురేగాని తగ్గరు. కావున, బూట్ విభాగమును స్పృశించు ఏ అప్‌డేట్ అయినను అచ్చట పరాయి ఫోల్డరు కనబడినచో ముందు ఆగి, జరుగబోవునది తెలుగులో చెప్పి, యజమాని అనుమతి గైకొనునట్లును, చెడినప్పుడు బాగుచేసికొను విధానము అదే తెరపై తెలుగులో కనబడునట్లును తమ ఇంజనీర్లను ఆదేశింప ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
విధేయుడు,
నంద్యాల వాస్తవ్యుడొకడు