పాత డ్రైవ్ అమ్మేయకండి

సెలవులకి ఇంటికెళ్తే మనలో చాలామందికి తగిలే మొదటి పని, "ఆ కంప్యూటర్ సంగతేంటో చూడు" అన్నదే. ఆన్ చేసి టీ తాగొచ్చినా లేవదు. సి డ్రైవ్ ఎర్రగా నిండిపోయి ఉంటుంది. ఈలోగా ఎవరో ఒకరు "కొత్తది కొనేయండి" అని సలహా కూడా ఇచ్చేసి ఉంటారు.

కొత్తది అక్కర్లేదు. బోర్డు, ప్రాసెసర్ బాగుంటే పెద్ద ఎస్ఎస్‌డీ ఒక్కటి చాలు. హార్డ్ డిస్క్‌లో ప్రతి చిన్న ఫైలు కోసం తిరిగే పళ్లెం మీద హెడ్ అటూ ఇటూ పరిగెత్తాలి. ఎస్ఎస్‌డీలో తిరిగేదే లేదు. కొనేముందు బోర్డు మాన్యువల్ మాత్రం చూడండి. ఎం.2 అనేది ఆకారం పేరు. అదే ఆకారంలో సాటా ఉంటుంది, ఎన్‌వీఎంఈ ఉంటుంది. ఒకదాని స్లాట్‌లో రెండోది పనిచేయకపోవచ్చు. అన్నట్టు, 1 టీబీ కొంటే విండోస్‌లో 931 జీబీ అని కనబడుతుంది. షాపువాడితో గొడవపడకండి, కంపెనీ 1000తో లెక్కేస్తుంది, విండోస్ 1024తో.

ఇదంతా ఏ వీడియోలో అయినా చెప్తారు. నా పేచీ ఆ తర్వాతి పనితో. క్లోన్ అయిపోగానే పాత డ్రైవ్‌ని ఫార్మాట్ కొట్టి, వచ్చిన నాలుగు డబ్బులకి అమ్మేస్తాం చూడండి, దానితో.

ఇంటి కంప్యూటర్లో ఏముంటుందో ఒక్కసారి గుర్తుతెచ్చుకోండి. అమ్మ ఫోన్ నిండినప్పుడల్లా అందులోకి ఎక్కించి, ఫోన్లో చెరిపేసిన ఫోటోలు. తాతయ్య మాట్లాడిన వీడియో. పొలం కాగితాల స్కాన్లు. చాలావాటికి ఇంకో కాపీ ఎక్కడా లేదు. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీని మెయిల్, డ్రైవ్, ఫోటోలు మూడూ పంచుకోవాలి, అది ఎప్పుడో నిండిపోయి ఉంటుంది. పెద్ద డ్రైవ్ వేశాక చోటు పెరిగింది కదా అని ఇంకా తెచ్చి అందులోనే పోస్తాం. కాపీ మాత్రం ఒక్కటే.

పాత హార్డ్ డిస్క్ చాలాసార్లు టకటకమని శబ్దం చేసి ముందే చెప్తుంది. ఎస్ఎస్‌డీ నిన్నటిదాకా బాగానే ఉండి, ఇవాళ బయాస్‌లోనే కనిపించకుండా పోవచ్చు. పొరపాటున డిలీట్ చేస్తే ఇంకో చిక్కు. ఆ బ్లాకులు ఇక అక్కర్లేదని ట్రిమ్ ద్వారా విండోస్ డ్రైవ్‌కి చెప్పేస్తుంది, డ్రైవ్ వాటిని తుడిచేస్తుంది. రికవరీ సాఫ్ట్‌వేర్‌కి దొరికేది దాదాపు ఏమీ ఉండదు. తమాషా ఏంటంటే, క్విక్ ఫార్మాట్ కొట్టి అమ్మిన హార్డ్ డిస్క్ నుంచి మాత్రం కొన్నవాడు మన ఫోటోలు శుభ్రంగా తీసుకోగలడు!

అందుకే పాతదాని స్మార్ట్ రిపోర్టు చూడండి. ఆరోగ్యం బాగుంటే ఒక యూఎస్‌బీ కేసులో పెట్టి, ఫోటోలు, కాగితాలు దాంట్లోనూ ఉంచి బీరువాలో పెట్టేయండి. బాగోలేకపోతే రెండో కాపీకి వేరేది కొనాల్సిందే, ఆ ఖర్చుకి వెనకాడకండి. పాతది కూడా ఎస్ఎస్‌డీయే అయితే ఏళ్లకేళ్లు కరెంటు తగలకుండా వదలకండి, సెల్స్‌లో ఛార్జి మెల్లగా కారిపోతుంది. సంక్రాంతికోసారి, వేసవికోసారి ఇంటికెళ్తాం కదా, అప్పుడు పెట్టి ఫైళ్లు తెరిచి చూడండి, కొత్తవి ఎక్కించండి.

దాని మీద ఓ చీటీ అంటించి, లోపల ఏముందో తెలుగులో రాయండి. మనం హాస్టల్లో ఉండగా ఇల్లు సర్దేవాళ్లకి అది ఉత్త పాత సామానే.