మా ఒంటి మీద నేర్చుకున్నారు, మా చేతికి నేర్పలేదు (6వ భాగం)



గత భాగం చదివిన మెడికల్ కాలేజీ తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, సీటు దాకా ఎట్లా వచ్చామో రాశారు. సీటు వచ్చాక లోపల ఏం జరుగుతుందో కూడా రాయండి" అని. రాస్తున్నాను. నేను చదివిన జనరల్ సర్జరీ గురించే రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఉంది. దాన్ని దాచి మిగతాది చెబితే మొత్తం అబద్ధమవుతుంది.

ముందు ఒక ప్రశ్న. ఫైనల్ ఇయర్ సర్జరీ పీజీకి, ఆ తర్వాత సీనియర్ రెసిడెంట్‌గా చేరినవాడికి అసలు ఏం వచ్చి ఉండాలి?

అర్ధరాత్రి యాక్సిడెంట్ కేసు వస్తే ముందు శ్వాసదారి, తర్వాత ఊపిరి, ఆ తర్వాత రక్తం చూడాలి. ఈ వరుస తప్పకూడదు. ఛాతీలో గాలి నిండి ఊపిరితిత్తి నలిగిపోతుంటే ఎక్స్‌రే కోసం కూర్చోకుండా ఆ గాలి తీయాలి. తర్వాత ఐదో పక్కటెముకల సందులో ట్యూబ్ వేయాలి. అదీ కింది ఎముక పై అంచు మీదుగా వేయాలి, ఎందుకంటే ప్రతి ఎముక కింది అంచు వెంట నరం, రక్తనాళాలు పోతుంటాయి. పొట్ట చెక్కలా బిగుసుకుపోయిన మనిషిని చేత్తో తాకి, లోపల కన్నం పడిందని పోల్చుకోవాలి. పొట్ట తెరిచి, కడిగి, ఆ కన్నాన్ని ఒమెంటంతో మూయాలి. అపెండిక్స్, హెర్నియా సొంతంగా చేయాలి. షుగర్‌తో కుళ్లిన కాలును ఎక్కడిదాకా కోయాలో, ఎక్కడ ఆపాలో తెలియాలి. లాప్రోస్కోపీలో గాల్‌బ్లాడర్ తీసేటప్పుడు, అందులోకి పోయేవి రెండే రెండని కళ్లారా చూశాకే క్లిప్ వేయాలి. అది కనపడకపోతే ఓపెన్ చేయడానికో, సగంలో ఆపి క్షేమంగా బయటపడడానికో సిగ్గుపడకూడదు. ఎప్పుడు కోయకూడదో, ఎప్పుడు పెద్దవాళ్లకు ఫోన్ చేయాలో కూడా సర్జరీలో భాగమే.

ఇందులో సగం పుస్తకంలో దొరుకుతుంది. లైబ్రరీలో కూర్చుంటే వస్తుంది. మిగతా సగం ఏ పుస్తకంలోనూ దొరకదు. ఎదురుగా ఒక సీనియర్ నిలబడి "నువ్వు చెయ్యి, నేనున్నా" అని కత్తి చేతికిస్తేనే వస్తుంది. ఆ ఇచ్చే చేతికి కులం ఉంది. నేను చెప్పదలచుకున్నది ఇదే.

చేరిన రోజు నన్ను అడిగిన మొదటి ప్రశ్న "ర్యాంకెంత?" అది ర్యాంకు కోసం అడిగే ప్రశ్న కాదని మీకూ తెలుసు. మూడేళ్లలో ఒక్కరు కూడా నన్ను కులం పేరుతో తిట్టలేదు. తిట్టి ఉంటే కేసు పెట్టేవాణ్ని, పని తేలికయ్యేది. అక్కడ తిట్లుండవు. "నువ్వు వార్డు బాగా చూస్తావు, వార్డులో ఉండు" అంటారు. "బ్లడ్ బ్యాంకుకు నువ్వెళ్తేనే పనవుతుంది" అంటారు. పొగుడుతున్నట్టే ఉంటుంది. సాయంత్రం చూసుకుంటే చీము పట్టిన కాళ్లు, పుండ్ల కట్లు, మలం సంచులు నావి. గాల్‌బ్లాడర్లు, థైరాయిడ్లు ఇంకొకరివి. ఊళ్లో మా తాతకు ఏ పని వాటా వచ్చిందో ఆపరేషన్ థియేటర్లో నాకూ అదే వాటా వచ్చింది. ఆ తాతే రంపెతో తోలు కోస్తే గీత అటూ ఇటూ పోయేది కాదు. మా చేతులకు పనితనం లేక కాదు.

నేను విడిగా ఒక డైరీ రాసుకున్నాను. మూడేళ్ల చివర లెక్క వేశాను. సొంతంగా చేసిన అపెండిక్సులు 9, హెర్నియాలు 6, పేగు కన్నం కేసులు 2. పేగు కోసి తిరిగి కలిపినవి సున్నా. ఆ 17లో ఎక్కువ భాగం ఒకే ఒక్క మేడమ్ నైట్ డ్యూటీల్లో చేయించినవి. ఆవిడ నా ర్యాంకు ఎన్నడూ అడగలేదు. నా యూనిట్‌లోనే ఉన్న ఇంకో పీజీ తన కేసులు లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాడు. లాగ్‌బుక్‌లో మాత్రం ఇద్దరికీ పేజీలు నిండాయి, ఇద్దరికీ సంతకాలు పడ్డాయి.

ఇప్పుడు నా తప్పు చెబుతాను.

సీనియర్ రెసిడెంట్‌గా ఒక ఆసుపత్రిలో వేశారు. ఒక రాత్రి అరవై దాటిన కూలీ పెద్దాయన వచ్చాడు. ఏళ్లుగా ఉన్న హెర్నియా పొద్దున్నుంచి లోపలికి పోవడం లేదు. వాంతులు, గట్టిపడ్డ వాపు. ఏం చేయాలో నాకు తెలుసు. తెరవాలి, బిగుసుకున్న చోట విడిపించాలి, నల్లబడ్డ పేగును వేడి సెలైన్ గుడ్డలో చుట్టి కాసేపు ఆగాలి. రంగు, కదలిక, నాడి తిరిగొస్తే లోపల పెట్టాలి. రాకపోతే ఆ ముక్క కోసి రెండు కొసలూ కలపాలి. వైవాలో ఈ జవాబుకు నాకు మంచి మార్కులొచ్చాయి. కానీ ఆ చివరి పని నా చేతులు ఒక్కసారి కూడా చేయలేదు. పెద్దవాళ్లకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. చేతులు చల్లబడ్డాయి. సిటీకి రెఫర్ చేశాను. అక్కడ ఆపరేషన్ మొదలయ్యేసరికి 5 గంటలు గడిచాయి. మూడో రోజు ఆయన పోయాడు.

తర్వాత కాగితాల కోసం ఆయన కొడుకు వచ్చాడు. కోపంగా లేడు. "మనోడే డాక్టరని ధైర్యంగా తీసుకొచ్చినం సార్" అన్నాడు. నేను చేసి ఉంటే ఆయన బతికేవాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మాట మాత్రం నన్ను వదలలేదు.

ఇది చదివి కొందరు ఎగిరి గంతేస్తారని తెలుసు. "చూశారా, కోటా డాక్టర్" అంటారు. వాళ్లకు నా జవాబు ఇది. ఎంట్రన్స్ కటాఫ్‌లో తేడా ఉంటుంది, నిజమే. ఎంఎస్ పాసవడానికి కోటా లేదు. నాలుగు థియరీ పేపర్లు, ప్రాక్టికల్, వైవా అందరూ రాసినవే నేనూ రాశాను. 50 శాతం పాస్ మార్కు అందరికీ ఒకటే. ఆ రాత్రి నాకు లేనిది మార్కులు కాదు, అలవాటు పడిన చేయి. దాన్ని మూడేళ్లపాటు నాకు అందకుండా ఆపింది రిజర్వేషన్ కాదు. మెరిట్ పేరు చెప్పుకునేవాళ్లే. ముందు నేర్పరు, తర్వాత రాదంటారు.

ఇంకో సంగతి. 2023లో నీట్ పీజీ కటాఫ్‌ను అన్ని కేటగిరీలకూ సున్నా పర్సంటైల్‌కు దించారు. అలా నిండిన సీట్లలో కోట్లు పోసి కొన్న సీట్లూ ఉన్నాయి. "నీ చేత ఆపరేషన్ చేయించుకోవాలా?" అని ఆ సీట్లలో కూర్చున్నవాళ్లను ఎవరైనా అడగడం నేను వినలేదు.

ఇది నా ఒక్కడి ఏడుపు కాదు. ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పరిస్థితి మీద థోరట్ కమిటీ 2007లోనే నివేదిక ఇచ్చింది. హాస్టల్ నుంచి ప్రాక్టికల్స్, వైవాల దాకా వివక్ష ఉందని అందులో రికార్డయింది. 2019 మేలో ముంబైలో పాయల్ తడ్వీ చనిపోయింది. తడ్వీ భిల్ ఆదివాసీ బిడ్డ, గైనకాలజీ పీజీ. కుల వేధింపుల ఆరోపణ మీద ముగ్గురు సీనియర్లపై కేసు నమోదైంది. పోస్టుమార్టం మన పిల్లల శరీరాలకు జరుగుతుంది కానీ ఆ డిపార్ట్‌మెంట్లకు ఎప్పుడూ జరగదు.

అన్నిటికన్నా నన్ను మండించేది వేరే ఉంది. గవర్నమెంటు ఆసుపత్రి బల్ల మీద పడుకునేది ఎవరు? మన అమ్మలు, మన అయ్యలు, తాపీ కూలీలు, పారిశుధ్య కార్మికులు. రేపటి కార్పొరేట్ సర్జన్లందరూ మొదటి కోత నేర్చుకునేది వాళ్ల పొట్టల మీదే. నేర్చుకున్న చేయి సిటీకి పోతుంది, లక్షల ప్యాకేజీ తీసుకుంటుంది. నేర్పకుండా వదిలేసిన చేయి అదే పేదవాడి దగ్గర అర్ధరాత్రి డ్యూటీలో ఉంటుంది. ఒకే మనిషి రెండుసార్లు మోసపోతున్నాడు.

అందుకే మన డిమాండ్ "వేధించొద్దు" దగ్గర ఆగకూడదు. కత్తి లెక్క అడగాలి.

ప్రతి యూనిట్‌లో నెల నెలా ఏ పీజీ సొంతంగా ఎన్ని చేశాడు, ఎన్నిటికి పక్కన నిలబడ్డాడు అన్నది గోడకు అంటించాలి. కేటగిరీ వారీగా ఆ లెక్క తీసి బయటపెట్టాలి. ప్రతి పీజీ చేత ఫలానా ఆపరేషన్లు కనీసం ఇన్ని చేయించాలని రాసిపెట్టి, చేయించకపోతే యూనిట్ చీఫ్‌ను జవాబు అడగాలి. వైవాలో అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే మార్కుల పట్టిక ఉండాలి, అంతా రికార్డు కావాలి. ఇవేవీ ఉచితాలు కావు. రోగి ప్రాణానికి కావలసిన కనీస జాగ్రత్తలు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ రాత్రి నుంచే ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, కేసు, ఎవరు చేశారు, మీరేం చేశారు, అడిగితే ఏమన్నారు అన్నీ రాయండి. అడగడం మానొద్దు. "సార్, ఈ కేసు నేను చేస్తాను" అనే మాట పదిమంది ముందు అనండి. కాదన్నా అది మీ నోట్‌బుక్‌లో ఉంటుంది. ఇప్పటికే అసిస్టెంట్ ప్రొఫెసర్లు అయిన మనవాళ్లకు ఒక మాట. మీ ఎదురుగా నిలబడ్డ పిల్లకు రిట్రాక్టర్ కాదు, కత్తి ఇవ్వండి. ఆ మేడమ్ నాకిచ్చినట్టు.

నేను ఆ తర్వాత పేగు కలపడం నేర్చుకున్నాను. సెలవు పెట్టి, తెలిసిన సర్జన్ల దగ్గరికి వెళ్లి, బతిమాలి నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ పని చేయడానికి నా చేతులు వణకవు. ఆ పెద్దాయనకు మాత్రం ఆలస్యమైపోయింది.

వచ్చే భాగంలో నర్సింగ్ చదివే మన చెల్లెళ్ల గురించి.

జై భీమ్.