బల్లిగారికి చలేస్తోంది, తమ్ముడూ!

కువైట్‌లో డ్రైవరుగా చేస్తున్న జగిత్యాల తమ్ముడొకడు ఫొటో జతచేసి మరీ ఉత్తరం రాశాడు.

"అన్నయ్యా! పక్క మంచం మిత్రుడు సెలవు మీద ఇంటికెళ్తూ ఓ గాజుపెట్టె నా చేతిలో పెట్టిపోయాడు. లోపల అడుగున్నర బల్లి! ఎడారిదన్నాడు గాని పేరు చెప్పలేదు. కోడిగుడ్డు పెట్టాను, చికెన్ పెట్టాను, ముట్టదు. కదలదు. ముక్కు దగ్గర తెల్లగా పొక్కు కట్టింది. జబ్బా? ఇంగ్లీషు సినిమాల్లో చూపించే విషపు బల్లా? రూములో ఎవరికీ నిద్రలేదు. బతికితే సెలవుకి మా మేనకోడలికి తెద్దామనుంది."

ముందు నిద్రపోండి నాయనలారా! విషం భయం లేదు. సినిమాల్ని చూసి బల్లుల్ని గుర్తుపడితే అంతే సంగతులు. 1959లో 'ది జెయింట్ గిలా మాన్‌స్టర్' అని ఓ అమెరికన్ చిత్రం వచ్చింది. పేరు గిలా మాన్‌స్టర్‌ది. తెరమీద పాకింది మాత్రం దాని దాయాది, మెక్సికన్ బీడెడ్ లిజార్డ్. బల్లికి కూడా డూప్ అన్నమాట!

నీ ఫొటోలో తోక చూడు. వరసలు వరసలుగా ముళ్ళు, భీముడి గద లేదూ? అదే దాని గుర్తింపు కార్డు. అక్కడి అరబ్బులు 'ధబ్' అంటారు, శాస్త్రజ్ఞులు యూరోమాస్టిక్స్ అంటారు. ఉడుమనుకుని మాంసం పెట్టావు కాబోలు. ఉడుముకి మెడ పొడుగు, నాలుక పాములా చీలి ఉంటుంది, తోకకి ముళ్ళుండవు. నీ దగ్గరున్నది గుండ్రటి మొహం శాకాహారి. బ్రాహ్మణ భోజనానికి పిలిచి బిర్యానీ వడ్డించావు!

ముక్కు దగ్గరి తెలుపు జబ్బు కాదు, ఉప్పు. ఒంట్లో ఎక్కువైన ఉప్పుని నీళ్ళు ఖర్చుకాకుండా ముక్కులోంచి పంపేస్తుంది. ఎడారి నేర్పిన పొదుపు.

అసలు నేరస్థుడు మీ ఏసీ! దీని ఒంటికి సొంత వేడి లేదు. ఒళ్ళు కాగితేనే ఆకలి, ఒళ్ళు కాగితేనే అరుగుదల. పెట్టెలో ఓ మూల పైన గట్టి బల్బు కట్టు. దాని కింద రాయి యాభై డిగ్రీల దాకా వేడెక్కాలి. రెండో మూల చల్లగా ఉండాలి, వేడి చాలనుకుంటే అటు పోతుంది. అల్ట్రావయొలెట్ బి కిరణాలిచ్చే ట్యూబ్‌లైటు కూడా కావాలి, లేకపోతే ఎముకలు మెత్తబడతాయి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ ఇందుకు పనికిరాదు. అలాగని గాజుపెట్టెని ఎండలో పెట్టేవు సుమా, గంట తిరక్కుండా ఉడికిపోతుంది! రాత్రి దీపాలన్నీ ఆర్పెయ్యి.

తిండికి మీ బజార్లో దొరికే జర్జీర్ ఆకు భేషుగ్గా ఉంటుంది. పాలకూర రోజూ వద్దు, అది కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. నీళ్ళగిన్నె అక్కర్లేదు, ఆకుల్లో తడి చాలు. పట్టుకునేటప్పుడు పొట్టకింద చెయ్యివేసి ఎత్తు. భయపడితే ఆ గదతో ఒక్కటిస్తుంది. వెచ్చబడ్డాక కూడా వారంరోజులు తినకపోతే పశువుల డాక్టరుకి చూపించు.

ఇక మేనకోడలి మాట. వద్దు తమ్ముడూ! 1977 నుంచీ ఈ జాతి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం సైటిస్‌లో ఉంది. పర్మిట్ లేకుండా సూట్‌కేసులో పెట్టావో, ఎయిర్‌పోర్టులో దొరికేది బల్లి కాదు, నువ్వు. దీని చుట్టం ఒకటి మన థార్ ఎడారిలోనూ ఉంది. రోడ్ల పక్కన అమ్మే సాండా నూనె ఆ పాపిష్టి సొత్తే. బతికున్న బల్లి నడుం విరిచి, కొవ్వు కరిగించి తీస్తారు. మన 1972 చట్టం ప్రకారం దాన్ని పట్టడం, పెంచడం నేరం.

మేనకోడలికి ఫొటో చాలు. మీ మిత్రుడికి ఫోన్ చేసి ఇది ఎక్కడిదో గట్టిగా అడుగు. ఈ బల్లులు ఇరవై ఏళ్ళు దాటి బతుకుతాయి. ఆయన సెలవు అంత ఉండదుగా!