కొత్తొక రోత... పాతొక వింత!

'కొత్తొక వింత, పాతొక రోత' అన్నారు పెద్దలు. చీరలకూ సెల్‌ఫోన్లకూ చక్కగా సరిపోయే ఈ సామెత డెస్క్‌టాప్ కంప్యూటర్ ముందు మాత్రం తలకిందులవుతుంది. విండోస్ కొత్త వెర్షన్ ఎప్పుడొచ్చినా మొదట వినిపించే మాట ఒకటే... 'పాతదే బాగుంది'. విచిత్రం ఏంటంటే, ఇవాళ అందరూ తలుచుకుని మురిసిపోయే ఆ పాతది కూడా ఒకప్పుడు కొత్తదే. వచ్చిన రోజున తిట్లు తిన్నదే!

అలాగని వాడేవాళ్లది ఉత్త చాదస్తమా? కానేకాదు. స్టార్ట్ బటన్ చుట్టూ ముప్ఫై ఏళ్లుగా నడిచిన కథ చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. జనానికి కోపం కొత్తదనం మీద కాదు, చెప్పాపెట్టకుండా పాతదాన్ని చేతిలోంచి లాగేసుకోవడం మీద!

ఆపాలన్నా 'స్టార్టే'

విండోస్ 95 విడుదలైంది 1995 ఆగస్టు 24న. అంతకు ముందున్న విండోస్ 3.1లో ప్రోగ్రామ్ మేనేజర్ అనే పెద్ద కిటికీ, అందులో మళ్లీ చిన్న చిన్న కిటికీలు. ఒకదాని మీద ఇంకోటి తెరుచుకుంటే అడుగున పడ్డది కనిపించదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు అది మాయమైపోయిందని కంగారుపడేవాళ్లు. మైక్రోసాఫ్ట్ బృందం మామూలు మనుషుల్ని పిలిచి కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టింది. ఎవరు ఎక్కడ తడబడుతున్నారో చూసి రాసుకుంది. డబుల్ క్లిక్ చేయడమే చాలామందికి కష్టంగా ఉందని అప్పుడు తెలిసింది. ఆ తడబాట్లకు జవాబుగా పుట్టినవే తెర అడుగున టాస్క్‌బార్, ఎడమ మూలన స్టార్ట్ బటన్.

తెరిచిన ప్రతి కిటికీకీ టాస్క్‌బార్ మీద ఒక పలక. ఇక ఏదీ మాయం కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్ల కోసం బటన్ మీదే 'స్టార్ట్' అని రాశారు. అదీ చాలదన్నట్టు, 'మొదలుపెట్టడానికి ఇక్కడ నొక్కండి' అంటూ ఒక బాణం గుర్తు ఆ బటన్ వైపు దారి చూపించేది.

అయినా విమర్శలు తప్పలేదు. 'కంప్యూటర్ ఆపాలన్నా స్టార్టే నొక్కాలా?' అన్న జోకు అప్పటి నుంచీ ఉంది. అయితే ఒక మంచి పని జరిగింది. పాత అలవాటు వదులుకోలేనివాళ్ల కోసం ప్రోగ్రామ్ మేనేజర్‌ని తీసేయకుండా లోపల అలాగే ఉంచారు. కొత్త గుమ్మం పెట్టారు కానీ పాత గుమ్మం మూసేయలేదన్నమాట. ఇష్టమున్నవాళ్లు ఇటు నుంచి, లేనివాళ్లు అటు నుంచి!

బొమ్మలా ఉందన్నారు... వదల్లేకపోయారు

2001 అక్టోబర్ 25న విండోస్ ఎక్స్‌పీ వచ్చింది. ముదురు నీలం టాస్క్‌బార్, పచ్చటి స్టార్ట్ బటన్, వెనక పచ్చిక కొండ, పైన నీలాకాశం. ఆ కొండ గీసిన బొమ్మ కాదు... అమెరికాలోని సోనోమా కౌంటీలో 1996లో చార్లెస్ ఓరియర్ తీసిన ఫొటో. పాత బూడిదరంగు తెరలకు అలవాటుపడ్డవాళ్లు దాన్ని చూసి పెదవి విరిచారు. పిల్లల ఆటబొమ్మలు చేసే ఫిషర్ ప్రైస్ కంపెనీతో పోల్చి వెక్కిరించారు. ఇక్కడా పాత గుమ్మం మూయలేదు. 'క్లాసిక్' అన్న ఐచ్ఛికం ఎంచుకుంటే మళ్లీ పాత బూడిదరంగే, పాత మెనూనే.

ఆ 'బొమ్మ'నే జనం పదేళ్లకు పైగా వదల్లేదు. మన దగ్గర చాలా ఇళ్లలోకి వచ్చిన మొదటి కంప్యూటర్‌లో ఉన్నది ఎక్స్‌పీనే. తెలుగు అక్షరాల కోసం గౌతమి ఫాంటు దాంతోపాటే వచ్చింది. పెళ్లిపత్రికలూ కరపత్రాలూ కూర్చే డీటీపీ కేంద్రాల్లో పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఎక్స్‌పీ మీద కుదురుకున్నాయి. ఆ అమరిక చెడుతుందనే భయంతోనే ఎంతోమంది ఆపరేటర్లు కొత్త వెర్షన్ల వైపు చూడలేదు. అది బద్ధకం కాదు. ఒక్కరోజు పని ఆగితే ముహూర్తానికి పత్రిక అందదు! చివరికి 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి సాయం ఆపేసింది. ఆ తర్వాత కూడా దాన్ని వదలనివాళ్లున్నారు.

మధ్యలో 2007 జనవరి 30న విస్టా వచ్చింది. అద్దంలా మెరిసే కిటికీలు బాగానే ఉన్నాయి కానీ, ఏ పని చేయబోయినా 'అనుమతిస్తారా, వద్దా?' అని అడుగుతూ ప్రాణం తోడేసింది. రక్షణ కోసమే ఆ ప్రశ్న. కానీ పదే పదే అడిగితే ఏమవుతుంది? మనిషి చదవడం మానేసి 'సరే' నొక్కేస్తాడు. 2009 అక్టోబర్ 22న వచ్చిన విండోస్ 7లో ఆ ప్రశ్నలు తగ్గించారు. ఎంతసార్లు అడగాలో ఎంచుకునే వీలూ ఇచ్చారు. టాస్క్‌బార్ రూపం మారినా జనం దాన్ని ఇష్టంగానే వాడుకున్నారు. మార్పు అనగానే అందరూ మొండికేయరనడానికి ఇదే సాక్ష్యం.

మూలన ఉన్నది మాయం!

అసలు గొడవంతా 2012 అక్టోబర్ 26న మొదలైంది. ఐప్యాడ్ వచ్చి రెండేళ్లు దాటింది. వేలితో తాకే తెరలే భవిష్యత్తనిపించింది. అందుకే విండోస్ 8ని ట్యాబ్లెట్‌కీ డెస్క్‌టాప్‌కీ కలిపి ఒకే రూపంలో తయారుచేశారు. కంప్యూటర్ ఆన్ చేయగానే తెర నిండా రంగురంగుల పలకలు. డెస్క్‌టాప్‌లోకి వెళితే పదిహేడేళ్లుగా ఎడమ మూలన ఉన్న స్టార్ట్ బటన్ లేదు!

అది పూర్తిగా పోలేదు, దాక్కుందంతే. మౌస్‌ని ఆ ఖాళీ మూలకు తీసుకెళితే చిన్న బొమ్మ కనిపిస్తుంది. కంప్యూటర్ ఆపాలంటే కుడివైపు మూలకు వెళ్లాలి. అక్కడ పక్క నుంచి ఒక పట్టీ బయటికొస్తుంది. అందులో సెట్టింగ్స్, సెట్టింగ్స్‌లో పవర్, పవర్‌లో షట్‌డౌన్. తెలిసినవాళ్లకు ఇది నాలుగు క్లిక్కుల పని. తెలియనివాళ్లకో? తెర మీద ఎక్కడా రాసిలేని దారి! స్టార్ట్ అని పేరు రాసి, బాణం గుర్తు పెట్టి మరీ నేర్పిన కంపెనీయే ఇప్పుడు ఖాళీ మూలల్లో వెతుక్కోమంది.

ఇంకేముంది, గగ్గోలు! పాత మెనూని తిరిగి తెచ్చిపెట్టే 'క్లాసిక్ షెల్' లాంటి ఉచిత ప్రోగ్రాములకు గిరాకీ పెరిగింది. ఏడాది తిరిగేసరికి, 2013 అక్టోబర్ 17న, విండోస్ 8.1లో బటన్‌ని తిరిగి పెట్టారు. కానీ నొక్కితే తెరుచుకునేది ఆ రంగు పలకల తెరే. తలుపు పెట్టమంటే గోడ మీద తలుపు బొమ్మ వేసినట్టయింది!

2014 ఫిబ్రవరిలో మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సారథి అయ్యారు. ఆ ఏప్రిల్‌లోనే ప్రోగ్రామర్ల సదస్సులో, స్టార్ట్ మెనూ తిరిగి రాబోతోందని కంపెనీ చూపించింది. 2015 జులై 29న విండోస్ 10తో అది నిజంగానే వచ్చింది. పాత మెనూ పక్కనే కొత్త పలకలూ ఉన్నాయి. రెండువైపులవాళ్లూ సర్దుకున్నారు.

లెక్కల్లో దొరకనిది

ఇంత పెద్ద కంపెనీ ఇంత పొరపాటు ఎలా చేసింది? ఏ లెక్కా చూడకుండా కాదు. చూసే చేసింది! ఇష్టపడి సమాచారం పంపేందుకు ఒప్పుకున్నవాళ్ల కంప్యూటర్ల నుంచి, ఏ బటన్ ఎన్నిసార్లు నొక్కుతున్నారో లెక్కలు అందుతాయి. విండోస్ 7లో జనం తమకు కావలసిన ప్రోగ్రాముల్ని టాస్క్‌బార్‌కే తగిలించుకుంటున్నారనీ, స్టార్ట్ మెనూ వాడకం తగ్గుతోందనీ ఆ లెక్కలు చెప్పాయి. 'తగ్గుతోంది కదా, తీసేద్దాం' అనుకోవడం తేలికే.

కానీ ఇంటికి పెరటి తలుపు ఉంటుంది. రోజుకు ఒకసారి తీస్తారేమో. వీధి తలుపుతో పోలిస్తే లెక్కలోకే రాదు. అలాగని గోడ కట్టేస్తే? ఇంట్లోవాళ్లకు ఊపిరాడదు. ఏ పనికి దారి తెలియకపోయినా చివరికి స్టార్ట్ దగ్గరికి వెళితే దొరుకుతుందన్న ధైర్యం ఉండేది. ఆ ధైర్యం క్లిక్కుల లెక్కలో కనిపించదు. 1995లో మనుషుల్ని పక్కన కూర్చోబెట్టి చూశారు కాబట్టే ఆ తడబాటు కనిపించింది.

ఇక, చేతికుండే జ్ఞాపకం సంగతి. వంటింట్లో ఆవాల డబ్బా ఎక్కడుందో కళ్లు మూసుకున్నా చెయ్యి పోతుంది. ఎవరో వచ్చి డబ్బాలన్నీ అందంగా సర్దిపెట్టారనుకోండి... చూడ్డానికి బాగుంటుంది, పోపు మాత్రం మాడిపోతుంది! కంప్యూటర్ మీద ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల చేతులూ అంతే. ఆ నేర్పు వాళ్లు కష్టపడి సంపాదించుకున్నది. తెర మార్చినప్పుడల్లా అందులో కొంత వృథా అవుతుంది.

అందరిదీ అదే కథ

ఈ తలనొప్పి విండోస్ ఒక్కదానిదే కాదు. ఉచితంగా దొరికే ఉబుంటులో 2010లో కిటికీ మూసే బటన్లను కుడి నుంచి ఎడమకు మార్చారు. వాడేవాళ్లు మండిపడితే, రూపకల్పన ఓట్లతో తేలే విషయం కాదని దాని వ్యవస్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ తేల్చి చెప్పారు. 2011లో 'యూనిటీ' అనే కొత్త రూపం డెస్క్‌టాప్ మీదకు వచ్చింది. దాని మీదా విమర్శలే. తీరా 2017లో దాన్ని పక్కన పెట్టేసరికి, అప్పటికి అలవాటుపడ్డవాళ్లు 'అదే బాగుండేది' అన్నారు! అభిమానులు కొందరు ఆ రూపాన్ని సొంతంగా నిలబెట్టుకుంటే, 2022లో ఉబుంటు దానికి మళ్లీ అధికారిక గుర్తింపు ఇచ్చింది.

ఆపిల్ 2011 జులైలో మ్యాక్ లయన్‌తో ఏకంగా స్క్రోలింగ్ దిశనే తిప్పేసింది. వేళ్లు ఎటు జరిగితే పేజీ కూడా అటే జరిగేలా చేసింది. అయితే సెట్టింగ్స్‌లో ఒక్క టిక్కు తీసేస్తే చాలు, పాత పద్ధతి తిరిగొచ్చేస్తుంది. ఎంత పెద్ద మార్పైనా వెనక్కి వెళ్లే దారి ఉంటే కోపం సగం చల్లారుతుంది.

దారి లేకపోతేనో? 2016లో విండోస్ 10కి మారమంటూ వచ్చిన పెట్టెను గుర్తుతెచ్చుకోండి. మూలనున్న ఎక్స్ గుర్తు నొక్కితే 'వద్దు' అనే ఎవరైనా అనుకుంటారు. మైక్రోసాఫ్టే నేర్పిన అర్థం అది. ఆ పెట్టెలో మాత్రం ఎక్స్ నొక్కినా, ముందే నిర్ణయించిన సమయానికి మార్పు జరిగిపోయేది! జనం గట్టిగా నిలదీశాక ఆ పద్ధతి మార్చారు. ఇది అందానికో అలవాటుకో సంబంధించిన గొడవ కాదు, నమ్మకానికి సంబంధించింది.

నాన్నకు రాదనకండి

2021 అక్టోబర్ 5న వచ్చిన విండోస్ 11లో స్టార్ట్ బటన్ ఎడమ మూల నుంచి తెర మధ్యకు జరిగింది. టాస్క్‌బార్‌ని పైకో పక్కకో మార్చుకునే వీలు తీసేశారు. రైట్ క్లిక్ మెనూలో కట్, కాపీ, పేస్ట్ అన్న మాటలు పోయి బొమ్మలు మిగిలాయి. మళ్లీ గోల. మళ్లీ ఒక్కోటే వెనక్కి... ఫైలుని లాక్కెళ్లి టాస్క్‌బార్ మీద వదిలే పద్ధతి 2022లో, కిటికీల పేర్లు విడివిడిగా కనిపించే ఏర్పాటు 2023లో, ఆ బొమ్మలకు పేర్లు 2024లో తిరిగొచ్చాయి. అడగ్గా అడగ్గా వచ్చాయి కాబట్టి, వాడేవాళ్ల గొణుగుడుకి విలువ లేదనుకోనక్కర్లేదు.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు సాయం ఆగింది. దాంతో ఎన్నో ఇళ్లు 11కి మారక తప్పలేదు. ఇంకా తడుముకుంటున్నవాళ్లకు కొన్ని చిట్కాలు...

స్టార్ట్ బటన్ ఎడమకు రావాలంటే సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో టాస్క్‌బార్, అక్కడ టాస్క్‌బార్ బిహేవియర్స్‌లోకి వెళ్లి అలైన్‌మెంట్‌ని 'లెఫ్ట్' చేయాలి. పాత రైట్ క్లిక్ మెనూ కావాలంటే షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేయాలి. అన్నిటికంటే నమ్మకమైనవి కీబోర్డు దారులు. తెర ఎన్నిసార్లు రంగు మార్చినా అవి మారలేదు. విండోస్ కీతో ఈ నొక్కితే ఫైళ్లు తెరుచుకోవడం 95 నాటి పద్ధతే. ఆల్ట్ ట్యాబ్‌తో కిటికీ మార్చడం, ఆల్ట్ ఎఫ్4తో మూయడం అంతకంటే పాతవి.

ఇంకో మాట. అరవై దాటాక పట్టుదలగా కంప్యూటర్ నేర్చుకుని, కరెంటు బిల్లు కట్టడం ఎలాగో నోటుపుస్తకంలో వరసగా రాసుకున్న పెద్దవాళ్లుంటారు. 'ఎడమ మూలన స్టార్ట్ నొక్కాలి' అన్నది అందులో మొదటి వాక్యం. ఒక్క అప్‌డేట్‌తో ఆ వాక్యం తప్పయిపోతుంది. 'నాన్నకు కంప్యూటర్ రాదు' అని పిల్లలు నవ్వేస్తారు. ఆయనకు వచ్చు. దారే మారింది. ఓ ఆదివారం అరగంట పక్కన కూర్చుని, స్టార్ట్ బటన్‌ని మళ్లీ ఎడమకు జరిపి, మిగతా వాక్యాలు ఆయన చేతే దిద్దిస్తే సరి!