తోట దగ్గర నేర్చిన లెక్క

బి.కాం. పట్టా చేతిలో ఉంటే లెక్కలన్నీ వచ్చినట్టేనని నేనూ అనుకున్నవాణ్ణే. కృష్ణగిరి పక్కన ఒక మామిడి రైతు అప్పుకు ఏటా ఒకే మొత్తంగా కంతులు వేసి కాగితం చేతికిచ్చాను. ఆ ముసలాయన నవ్వి, "సార్, చెట్టు ఒక ఏడు విరగకాస్తుంది, మరుసటేడు అలుపు తీర్చుకుంటుంది. మీ కంతులకు అలుపు లేదే!" అన్నాడు.

తర్వాత వెతికితే ఏడాది విడిచి ఏడాది కాపు సంగతి తోటల శాస్త్రం పుస్తకాల్లోనూ ఉంది. అంటే తప్పు పుస్తకానిది కాదు. నేను చదివిన పుస్తకమే చాలుననుకున్న నాది. 1969లో 14 బ్యాంకులు జాతీయమయ్యాక బ్యాంకు పల్లెకు అప్పివ్వడానికి వచ్చింది. నేర్చుకోవడానికి మాత్రం రాలేదు.

ఆ రైతుకు తెలుగు రాయను రాదు. అయినా పూత, పిందె, కాయ, దోర, పండు అని ప్రతి దశకూ ఆయన దగ్గర మాటుంది. 2006 చట్టంతో తమిళం ఒకటో తరగతి మొదలు అంచెలంచెలుగా తప్పనిసరి పాఠమైంది. బడిలో తెలుగుకు చోటు కుదించుకుపోయిందని మనం వాపోతున్నాం. న్యాయమే. కానీ ఇంట్లో ముసలివాళ్ల మాటను మోటని తోసేస్తున్నదెవరు? ఏ చట్టం చెప్పింది మనకు?

పట్టాలున్న పెద్దలారా! ఈ ఎండాకాలం సెలవుల్లో పిల్లల్ని ట్యూషన్లకు కాదు, తాత వెంట తోటకు పంపండి. విన్నది తెలుగులో రాయించండి. తాత పోయాక ఆ పాఠం ఏ బడిలోనూ దొరకదు.