ఫిట్‌నెస్ సంతకానికి తొందరపెట్టకండి

ఆపరేషన్‌కు ముందు ‘ఫిట్‌నెస్’ సంతకం కోసం నా ఓపీకి వచ్చేవారిలో చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి పల్లెల వాళ్లు చాలామంది. బీపీ చూసి ‘ఇవాళ కాదు’ అంటే మొహం మాడిపోతుంది. కూలి పోయె, బస్సు చార్జీలు పోయె. ఆ కోపం న్యాయమే. కానీ ఒక్కోసారి ఆ వాయిదాయే ప్రాణం కాపాడుతుంది.

మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల్లో అరుదుగా ఫియోక్రోమోసైటోమా అనే కణితి వస్తుంది. బీపీ ఉన్న 1,000 మందిలో ఆరేడుగురికి మించి ఉండదు. అది అడ్రినలిన్ లాంటి హార్మోన్లను అదుపు లేకుండా రక్తంలోకి వదులుతుంది. ఆ సంగతి తెలియక హెర్నియాకో, కాన్పుకో మత్తు ఇస్తే, బీపీ ఒక్కసారిగా 250 దాటొచ్చు. గుండె లయ తప్పొచ్చు, మెదడులో రక్తనాళం చిట్లొచ్చు.

ముందే తెలిస్తే దారి ఉంది. ఆల్ఫా బ్లాకర్ మాత్రలు 10 నుంచి 14 రోజులు వాడి, ఉప్పు, నీళ్లు పెంచుతాం. గుండెదడకు బీటా బ్లాకర్ ఆ తర్వాతే. ముందే ఇస్తే బీపీ ఇంకా ఎగబాకుతుంది. కణితి తీయగానే బీపీ, ఆపై షుగర్ కూడా పడిపోవచ్చు. అందుకే ఈ ఆపరేషన్ హైదరాబాద్ నిమ్స్ లాంటి పెద్దాసుపత్రిలో, అనుభవమున్న మత్తు డాక్టర్ల చేతుల్లోనే జరగాలి.

మేం అడగకపోయినా మీరే చెప్పండి. తలనొప్పి, చెమటలు, గుండెదడ మూడూ కలిసి ఉన్నట్టుండి వచ్చి, కాసేపట్లో తగ్గిపోతున్నాయా? ‘గాలి సోకింది’ అని ఊరుకోకండి. చిన్న వయసులోనే బీపీ వచ్చిందా? మూడు రకాల మాత్రలకూ లొంగడం లేదా? వాంతులకు మెటోక్లోప్రమైడ్ సూదో, స్టెరాయిడ్ సూదో వేశాక ప్రాణం మీదికొచ్చిందా? ఇంట్లో ఎవరికైనా అడ్రినల్, థైరాయిడ్ కణితులున్నాయా?

అనుమానముంటే రక్తంలో గానీ, 24 గంటల మూత్రంలో గానీ మెటానెఫ్రిన్స్ పరీక్ష చేయాలి. రోగిని 300 కిలోమీటర్లు తిప్పేకంటే, నమూనాను భద్రాచలంలోనో ఖమ్మంలోనో తీసుకుని హైదరాబాద్ పంపడం మేలు. ప్రభుత్వం ఆ ఏర్పాటు ఉచితంగా చేయాలి. మా వైపు నుంచీ ఒక బాధ్యత ఉంది: ఆపరేషన్ ఎందుకు వాయిదా వేశామో, మళ్లీ ఏ రోజు రావాలో చీటీ మీద రాసివ్వాలి. ఇవ్వకపోతే అడిగి రాయించుకోండి.